కళాచరిత్ర పరిశోధనకు హైదరాబాద్ గ్రంథాలయాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఏం దొరుకుతుంది

ఎమ్మే ప్రాజెక్టు కోసమో, పీహెచ్‌డీ కోసమో, ఇంట్లో ఉన్న తాతల నాటి వస్తువు సంగతి తెలుసుకోవాలనో కళాచరిత్రలోకి దిగేవాళ్లకు హైదరాబాద్ గ్రంథాలయాలు ఎంతవరకు ఆసరా అవుతాయి? తీర్పు ముందే చెప్పాలంటే, సామగ్రికి ఇక్కడ కొదవ లేదు. దాన్ని చేరే దారే తిన్నగా లేదు. ఏ ఒక్క గ్రంథాలయమూ తనంతట తాను చాలదు. వరస తెలియకుండా తిరిగితే నెల గడిచినా చేతిలో నాలుగు జిరాక్సు కాగితాలే మిగులుతాయి. వరస తెలిస్తే రెండు వారాల్లో గట్టి పునాది పడుతుంది.

అన్నిటినీ ఒకే గీటురాయి మీద చూడడానికి ఒక అంశం ఎంచుకుందాం: బిద్రీ పని. జింకులో కొద్దిగా రాగి కలిపి (మామూలుగా చెప్పే పాళ్లు 16కి 1) మట్టి అచ్చులో పోత పోసి, నునుపు చేసి, ఉలితో నగిషీ చెక్కి, ఆ గాట్లలో వెండి తీగనో రేకునో కొట్టి దించుతారు. చివర్లో బీదర్ కోట పాతగోడల మట్టి, నవాసారం (అమోనియం క్లోరైడ్) కలిపిన ద్రావణంలో వేడి మీద ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి అంశం ఈ ఊళ్లో దొరకదు. వస్తువులు సాలార్‌జంగ్ మ్యూజియంలో కళ్లెదుటే ఉన్నాయి. బీదర్ 1956 నవంబర్ 1 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం కాబట్టి నిజాం కాలపు ప్రభుత్వ ప్రచురణల కోసం, దస్తావేజుల కోసం వెతకాల్సిందీ ఇక్కడే. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉంది కదా అని తిన్నగా బెంగళూరు బండెక్కేవాళ్లు చుట్టుదారి పట్టినట్టే.

గ్రంథాలయం మెట్లెక్కే ముందు ఇంట్లో ఒక సాయంత్రం పని ఉంది. దీన్ని దాటవేసినవాళ్లే కౌంటర్ దగ్గర ‘బిద్రీ మీద పుస్తకాలున్నాయా’ అని అడిగి, లేవనిపించుకుని వెనక్కి వస్తారు. ‘బిద్రీ కళ’ అన్నది అంశమే కానీ ప్రశ్న కాదు. వస్తువు, కాలం, చోటు, పనితనం, వాడినవాళ్లు అనే అయిదింటిలో కనీసం మూడింటిని బిగిస్తే ప్రశ్న తయారవుతుంది. ‘18వ శతాబ్దంలో బిద్రీ హుక్కా బుడ్డి గుండ్రటి రూపం వదిలి గంట ఆకారానికి ఎందుకు మారింది’ అని రాసుకుంటే ఏ పుస్తకం తెరవాలో, ఏది మూసెయ్యాలో వెంటనే తెలుస్తుంది. నీళ్లు పోసే ఆ బుడ్డి ఆకారం చూసే చాలామంది పండితులు కాలం అంచనా వేస్తారు. బంతిలా ఉండి కింద విడి కుదురు మీద నిలిచేవి ముందువి, అడుగు వెడల్పై తనంతట తాను నిలబడే గంట ఆకారంవి తర్వాతివి. ప్రశ్న ఇలా వస్తువు దగ్గరికి దిగితేనే గ్రంథాలయం మనకు పలుకుతుంది.

తర్వాత మాటల పట్టీ. పన్నెండు పదిహేను మాటలు, ఒక్కోదాని వర్ణక్రమ భేదాలతో సహా కాగితం మీద ఉండాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ కేటలాగులో దొరకలేదని వదిలేసే పుస్తకాల్లో ఎక్కువ భాగం నిజంగా లేనివి కావు, మనం అనుకున్న అక్షరాలతో లేనివి. బిద్రీని రోమన్ లిపిలో చివర ‘ఐ’తో ఒకరు, రెండు ‘ఈ’లతో ఇంకొకరు, ‘డీ’ తర్వాత ‘ఏ’ చేర్చి వేరొకరు రాస్తారు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకాల్లో ఊరి పేరే ‘బీడర్’, ‘బెడర్’ అని ఉంటుంది. హుక్కాకు ‘క్యూ’ల వర్ణక్రమం ఒకటి, ‘ఓ’లు, ‘కె’ ఉన్నది ఇంకొకటి. కుతుబ్‌షాహీని ‘క్యూ’తోనూ ‘కె’తోనూ వెతకాల్సిందే. ఉర్దూలోనూ చిక్కు ఉంది: ‘బే’ తర్వాత ‘యే’ రాస్తే బీదరీ, రాయకపోతే బిదరీ. రెండు రూపాలూ అచ్చులో కనిపిస్తాయి. ఉర్దూ సూచికల్లో వస్తువు పేరు కాకుండా ‘సనఅత్-ఓ-హిర్ఫత్’, అంటే పరిశ్రమలు, చేతిపనులు అనే శీర్షిక కింద కూడా చూడాలి. నిజాం ప్రభుత్వంలో ఈ పనులు చూసిన శాఖ పేరూ అదే.

అరల అంకెలు నాలుగైదు కంఠతా వస్తే మరీ మంచిది. పుస్తకాలను అంశాన్నిబట్టి అంకెలతో అమర్చే డ్యూయీ పద్ధతి నడిచేచోట లోహపు కళాపని 739లో, చేతిపనులు 745లో, మ్యూజియం జాబితాలు 708లో, భారత కళాచరిత్ర 709.54లో ఉంటాయి. బిద్రీ కోసం 739 ఒక్కటే చూసి తిరిగొస్తే సగం పోయినట్టే. పరిశ్రమగా రాసినవి 338లో, దక్కన్ చరిత్రలో భాగంగా రాసినవి 954లో కూర్చుంటాయి. రంగనాథన్ కోలన్ వర్గీకరణ వాడిన చోట లలితకళలకు ‘ఎన్’ అక్షరం. అందులో ‘ఎన్‌ఏ’ వాస్తు, ‘ఎన్‌డీ’ శిల్పం, ‘ఎన్‌క్యూ’ చిత్రకళ.

ఇక మొదటి మజిలీ. పాత పుస్తకాల వాసన ఎంత పిలిచినా నేరుగా అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లొద్దు. ముందు ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇటీవలి పుస్తకాలు పట్టుకోవాలి. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయపు ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయం ఈ పనికి అనువైనది. ఆ క్యాంపస్‌లో లలితకళల విభాగం ఉంది, కళాచరిత్ర పాఠ్యాంశంగా నడుస్తోంది కాబట్టి ఆ అవసరానికి తగ్గ కొనుగోళ్లు ఉంటాయి. కేటలాగు ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చూసి, వర్గీకరణ సంఖ్యలు రాసుకునే బయలుదేరాలి. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఊరి మధ్యలో ఉండేవాళ్లకు దగ్గర. కోట, మసీదు, సమాధి లాంటి కట్టడాల అంశమైతే ముందు అక్కడికే వెళ్లాలి. బయటివాళ్లకు ఏ విశ్వవిద్యాలయంలోనైనా కాలేజీ లెటర్‌హెడ్ మీద పరిచయ లేఖ, గుర్తింపు కార్డు, పరిశోధనాంశం రెండు వాక్యాల్లో రాసిన కాగితం ఉంటే పని తేలికవుతుంది. ఆ లేఖ నాలుగు ప్రతులు తీయించుకోండి, ప్రతిచోటా ఒకటి ఇచ్చుకోవాల్సి రావచ్చు.

బిద్రీకి ఈ మజిలీలో కావలసినవి మూడే. సుసాన్ స్ట్రాంజ్ 1985లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణ మీద వేసిన జాబితా, కృష్ణలాల్ 1990లో ఢిల్లీ నేషనల్ మ్యూజియం సేకరణ మీద రాసింది, జగదీశ్ మిట్టల్ 2011లో తమ హైదరాబాద్ మ్యూజియం వస్తువుల మీద తెచ్చింది. వీటిని మొదటి పేజీ నుంచి చదవడం పొరపాటు. వెనక నుంచి చదవాలి. మూడు పుస్తకాల ఉపయుక్త గ్రంథాల పట్టీలూ పక్కపక్కన పెట్టి, మూడింటిలోనూ ఉన్న పేర్లకు గుర్తు పెట్టండి. అదీ అసలు మూలగ్రంథాల జాబితా. ఒక్కదాంట్లోనే ఉన్న పేర్లను వేరే రంగులో రాయండి, కొత్త సంగతులు తరచు వాటిలోనే ఉంటాయి. ఈ ఒక్క పనికి పూర్తిగా ఒక రోజు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఈ మూడింటిలో ఏది ఎక్కడా దొరకకపోయినా దక్కన్ కళ మీద న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2015లో తెచ్చిన ప్రదర్శన జాబితా ఉంది. బిద్రీకి అది విడి పుస్తకం కాదు, కానీ దాని పట్టీ పట్టుకుని వెనక్కి నడవొచ్చు.

రెండో మజిలీ అఫ్జల్‌గంజ్. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అంటే కొత్తవాళ్లు పోటీ పరీక్షల విద్యార్థులతో కిక్కిరిసిన చదువు గదులే అనుకుంటారు. నిజానికి ఇది 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో మొదలైన ఆసఫియా గ్రంథాలయం. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పక్కన ఇప్పుడున్న భవనంలోకి 1936లో మారింది. కళాచరిత్ర వాళ్లకు దీని విలువ ఒక్క మాటలో చెప్పొచ్చు: నిజాం రాజ్యం నడుస్తున్న రోజుల్లో, ఆ రాజ్యపు కేంద్ర గ్రంథాలయంగా పెరిగిన సేకరణ ఇది. ఇప్పటి ధరల్లో ఎవరూ కొనలేని పాత ముద్రణల కోసం ముందు అడగాల్సిన తలుపు ఇదే.

ఇక్కడ అడగాల్సినవాటిలో మొదటివి నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ వార్షిక నివేదికలు. ఆ శాఖ 1914లో ఏర్పడింది, తొలి అధిపతి గులాం యాజ్‌దానీ. అజంతా మీద ఆయన నాలుగు భాగాల గ్రంథం 1930 నుంచి 1955 వరకు వెలువడింది, బీదర్ చరిత్ర, కట్టడాల మీద పెద్ద పుస్తకం 1947లో వచ్చింది. బీదర్ పుస్తకాన్ని బిద్రీ పుస్తకం అనుకుని తెప్పించుకుంటే నిరాశ తప్పదు, అది ప్రధానంగా కోట, మసీదులు, సమాధుల గురించి. అయినా పట్టణం తీరు, కట్టడాల మీది నగిషీలు తెలియడానికి తప్పక తిరగేయాలి. హుక్కా బుడ్డి మీద పువ్వుకీ ఆ ఊరి గోడ మీద పువ్వుకీ పోలిక చూడకుండా రాసిన బిద్రీ వ్యాసం కుంటిదే. హైదరాబాద్ నగరం, చుట్టుపక్కల కట్టడాలకైతే సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ 1927లో ఇంగ్లీషులో రాసిన ‘ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది దక్కన్’ ఉంది. హైదరాబాద్ నుంచే 1927లో మొదలైన ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసిక పత్రిక పాత సంపుటాలు కూడా అడగండి, దక్కన్ కళ మీద విడి వ్యాసాలు అందులో వచ్చాయి.

బిద్రీ పని మీద 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంగ్లీషు రచనల్లో నాలుగు ముఖ్యం: బర్డ్‌వుడ్ 1880 పుస్తకం, 1884లో మొదలైన ‘జర్నల్ ఆఫ్ ఇండియన్ ఆర్ట్’, టి.ఎన్. ముఖర్జీ 1888 పుస్తకం, 1903 ఢిల్లీ ప్రదర్శన మీద జార్జ్ వాట్ జాబితా. వీటిని చదివేటప్పుడు ఒక జాగ్రత్త. లోహం పాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, కొందరు సీసం, తగరం కూడా కలుపుతారు. ఎవరు తప్పు అని తేల్చడానికి తొందరపడకుండా, ఎవరు స్వయంగా చూసి రాశారు, ఎవరు ముందటివాళ్లను ఎత్తి రాశారు అన్నది తేల్చుకోవాలి. ఒకే పొరపాటు, ఒకే వాక్యం రెండు పుస్తకాల్లో కనిపిస్తే అవి రెండు సాక్ష్యాలు కావు, ఒక్కటే.

పాత పుస్తకాల అరల దగ్గరికి నేరుగా వెళ్లడానికి ఉండదు. రచయిత పేరు, పుస్తకం పేరు, సంవత్సరం, సంఖ్య చీటీ మీద రాసిస్తే సిబ్బంది తెచ్చిస్తారు. అందుకే ఖాళీ చేతులతో వెళ్లకూడదు. ఒక్కసారి నాలుగైదు చీటీలు సిద్ధంగా ఇస్తే, రెండు దొరక్కపోయినా మిగతావాటితో పూట గడుస్తుంది. పొద్దున వెళ్లండి. పాత సేకరణ సంగతి తెలిసిన ఉద్యోగి సీట్లో ఉన్న వేళ అడిగిన ప్రశ్న ఎంత కేటలాగు వెతికినా రాని జవాబు ఇస్తుంది. ‘బిద్రీ పుస్తకం కావాలండీ’ అనడం కంటే ‘నిజాం పురావస్తు శాఖ నివేదికలు ఏ గదిలో ఉంటాయండీ’ అని అడిగితే వాళ్లకూ చెప్పడం సులువు.

ఆ నివేదికల మీద ఉండే సంవత్సరాలు చూసి చాలామంది తికమకపడతారు. 1340 అని ఉంటే అది ఫస్లీ, అంటే నిజాం ప్రభుత్వం లెక్కలకు వాడిన సంవత్సరం. ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన క్రీస్తు శకం వస్తుంది: 1340 ఫస్లీ అంటే 1930-31. వస్తువుల మీద, శాసనాల మీద కనిపించేది మాత్రం ఎక్కువగా హిజ్రీ. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఒక ఏడాది అటూ ఇటూగా సరిపోతుంది. చార్మినార్ కట్టిన హిజ్రీ 1000 ఈ లెక్కన 1592 అవుతుంది. సరిగ్గా చెప్పాలంటే ఆ హిజ్రీ సంవత్సరం 1591-92లో పడింది. ఫస్లీని హిజ్రీ అనుకుని లెక్కకడితే మొత్తం వాదం దాదాపు పదేళ్లు పక్కకు జరుగుతుంది. అచ్చయిన వ్యాసాల్లో కూడా ఈ తప్పు దొర్లుతుంది.

ఇంకో చిక్కు మరీ ముఖ్యమైనది. పాత పరిశోధనల్లో ‘ఆసఫియా ప్రతి’ అని, ఒక సంఖ్యతో రాతప్రతుల ప్రస్తావన వస్తుంది. వాటి కోసం అఫ్జల్‌గంజ్ వెళ్తే లాభం లేదు. ఆ రాతప్రతులు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. పాత సంఖ్య, రచన పేరు, రచయిత, భాష నాలుగూ రాసుకుని వెళ్తే అక్కడ సరిపోల్చుకోవచ్చు. సంఖ్య ఒక్కటే పట్టుకెళ్తే దొరుకుతుందన్న భరోసా లేదు.

మూడో మజిలీ కోసం మూసీ దాటాలి. అఫ్జల్‌గంజ్ నుంచి నడిచే వెళ్లొచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో తెరుచుకుంది, ఇప్పటి భవనంలోకి 1968లో వచ్చింది. వస్తువులతోపాటు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కుటుంబపు పుస్తకాలు, అరబీ, ఫార్సీ, ఉర్దూ రాతప్రతులు ఇక్కడే ఉన్నాయి. ఫార్సీ రాతప్రతులకు మహమ్మద్ అష్రఫ్ కూర్చిన వివరణాత్మక జాబితా అనేక సంపుటాల్లో అచ్చయింది. ఏ ప్రతిలో బొమ్మలున్నాయో, ఎప్పుడు రాశారో అందులో చూసుకుని, కావలసిన సంఖ్యలతో అర్జీ పెట్టుకోవాలి. చిత్రకళ మీద పనిచేసేవాళ్లకు ఆ సంపుటాలే తాళంచెవి.

బిద్రీ వాళ్లు మాత్రం గ్రంథాలయం కంటే ముందు బిద్రీ గ్యాలరీలో రెండు గంటలు నిలబడాలి. ఈ ఊరు ఇచ్చే వరాల్లో ఇది పెద్దది. లండన్ జాబితాలో నలుపు తెలుపు ఫోటోగా చూసిన పనితనాన్ని ఇక్కడ అద్దం అవతల కళ్లారా చూడొచ్చు. పది వస్తువులు ఎంచుకోండి, అంతకు మించొద్దు. ఒక్కోదానికి ఒక్కో కార్డు. లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు, సంఖ్యతో సహా ఎత్తి రాయండి. పెన్సిల్‌తో ఆకారం గీయండి, గీయడం రాదనుకోవద్దు. మెడ, భుజం, అడుగు ఎక్కడ విడిపోతున్నాయో చేతికి తెలిస్తేనే కంటికి తెలుస్తుంది. తర్వాత వెండి ఎలా పొదిగారో చూడండి. సన్న తీగ కొట్టి దించితే తార్‌కషీ. లోతుగా చెక్కి, రేకు దించి, ఉపరితలంతో సమం చేస్తే తెహ్‌నిషాన్. కొద్దిగా పైకి ఉబ్బితే జర్‌నిషాన్, బాగా లేస్తే జర్‌బులంద్. వెండి రేకునే పరిచి అందులోంచి నగిషీ కత్తిరించి, నలుపే పువ్వై కనిపించేలా చేస్తే ఆఫ్తాబీ. ఒకే వస్తువు మీద రెండు మూడు పద్ధతులు కలిసి ఉండడం మామూలే, అందుకని కార్డులో ‘మెడ మీద ఇది, పొట్ట మీద అది’ అని విడివిడిగా రాయాలి.

లేబుల్ మీద ‘బీదర్’ అని ఉంటే అదే ఆఖరి మాట కాదు. బిద్రీ పని లక్నో, పూర్ణియా, ముర్షిదాబాద్‌లలో కూడా జరిగింది. పని పేరు ఊరి నుంచి వచ్చింది కాబట్టి వస్తువూ ఆ ఊరిదే అనుకోవడం ఈ రంగంలో అందరికంటే ముందు వదిలించుకోవాల్సిన అలవాటు. అలాగే ‘బహమనీల కాలం నుంచి’ అన్న మాటను యథాతథంగా దించుకోవద్దు. ఇరాన్ నుంచి వచ్చిన పనివాళ్ల కథ సంప్రదాయంలో ఉంది. మనదాకా మిగిలిన వస్తువుల్లో పాతవాటిని పండితులు ఎక్కువగా 17వ శతాబ్దంలో పెడతారు. సంప్రదాయం ఒక వాక్యంలో, వస్తుసాక్ష్యం ఇంకో వాక్యంలో రాస్తే ఎవరూ తప్పుపట్టరు. కలిపి రాస్తేనే చిక్కు.

ఫోటోల విషయంలో లోపలికి వెళ్లే ముందే నియమం అడిగి తెలుసుకోండి. పరిశోధనకు ఫోటో, అచ్చుకు ఫోటో వేర్వేరు అనుమతులు. అచ్చుకు కావాలంటే వస్తువు సంఖ్యలతో రాతపూర్వకంగా అడగాలి, జవాబుకు వారాలు పడతాయని లెక్కలో పెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో ఇంకో సేకరణ ఉంది, 1976లో ఏర్పడిన జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియం. టికెట్ కొనుక్కుని తిరిగే చోటు కాదు, ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. ఆ ఉత్తరంలో ‘మీ బిద్రీ సేకరణ చూడాలి’ అని రాయొద్దు. వాళ్ల 2011 జాబితా చదివి, ఫలానా సంఖ్య వస్తువులు మూడు, ఫలానా ప్రశ్న కోసం అని రాయండి. చిత్రకళ, వస్త్రాలు, తెలంగాణ పటచిత్రాల వాళ్లకూ ఇదే మాట.

తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారం (స్టేట్ ఆర్కైవ్స్) గొప్ప చోటే, కానీ మొదటి నెలలో వెళ్లాల్సిన చోటు కాదు. అక్కడివి పుస్తకాలు కావు, దఫ్తర్లు, అంటే ప్రభుత్వ కాగితాల కట్టలు. 19వ శతాబ్దం చివరి భాగం వరకు పాలన ఫార్సీలో సాగింది, తర్వాత ఉర్దూలో. రాత తరచు గొలుసుకట్టు షికస్తా. అచ్చు ఉర్దూ చదవగలిగినవాళ్లు కూడా దాని ముందు ఆగిపోతారు. శాఖ పేరు, ఫస్లీ సంవత్సరం, వ్యవహారం తెలిసిన తర్వాతే వెళ్లాలి. 1340ల ఫస్లీలో సనఅత్-ఓ-హిర్ఫత్ శాఖ బిద్రీ పనివాళ్ల గురించి ఏం రాసిందన్న ప్రశ్నతో వెళ్తే సిబ్బంది దారి చూపగలరు. ‘బిద్రీ ఫైళ్లు’ అని అడిగితే చూపలేరు, అలాంటి పేరుతో కట్ట కట్టి ఉండదు.

తెలుగులో ఏముందో చూడకుండా పని ముగించకూడదు. సుల్తాన్‌బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం పాత తెలుగు పుస్తకాలకు, పత్రికలకు వెళ్లాల్సిన చోట్లు. సుందరయ్య కేంద్రంలో అబ్దుస్ సమద్ ఖాన్ కూడబెట్టిన పెద్ద ఉర్దూ సేకరణ కూడా ఉంది. 1924లో మొదలైన ‘భారతి’లో కళ మీద, శిల్పం మీద మంచి వ్యాసాలు వచ్చాయి. బిద్రీ కంటే ఆలయ శిల్పం, చిత్రకళ, నాణేల అంశాలకు ఇవి ఎక్కువ అక్కరకొస్తాయి. నిర్వచనాల కోసం, తెలుగు పారిభాషిక పదాల కోసం సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం సంపుటాలు చూడండి. పంజాగుట్టలో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ, 1931లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ నెలకొల్పింది, దక్కనీ సాహిత్యం, రాతప్రతుల కోసం.

ఆన్‌లైన్ సంగతి క్లుప్తంగా. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఉన్నాయి, పైన చెప్పిన పాత ఇంగ్లీషు పుస్తకాలను ముందు అక్కడ వెతకండి. పేర్లు అడ్డదిడ్డంగా నమోదై ఉంటాయి కాబట్టి రచయిత ఇంటిపేరు, సంవత్సరం వేసి వెతకాలి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ, ఉర్దూ అచ్చు పుస్తకాలకు రేఖ్తా, మ్యూజియం వస్తువులకు ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’. 1961 జనగణన సందర్భంగా చేతిపనుల మీద వెలువడిన నివేదికల్లో పనివాళ్ల కుటుంబాలు, కూలి, ముడిసరుకు లెక్కలు దొరుకుతాయి, కళాచరిత్ర వాళ్లు వీటిని అనవసరంగా వదిలేస్తారు. కృత్రిమ మేధ చెప్పిన పుస్తకం పేరును మాత్రం గ్రంథాలయ కేటలాగులో కనిపించేదాకా పట్టీలో ఎక్కించొద్దు.

పాత కళాగ్రంథాల్లో ఎక్కడైనా ఎదురయ్యే దెబ్బ చిత్రఫలకాలు, అంటే విడిగా అచ్చువేసి కలిపిన బొమ్మల పేజీలు, మాయం కావడం. పుస్తకం చేతికి రాగానే పాఠం మొదలుపెట్టకుండా ముందు ఫలకాల పట్టీ తీసి ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. లేనిది ఏదో రాసుకుని సిబ్బందికి అప్పుడే చూపించాలి. లేదంటే తిరిగిచ్చేటప్పుడు ఆ లోటు మన ఖాతాలో పడొచ్చు. కొన్ని ప్రచురణల్లో ఫలకాలు విడి సంపుటిగా, విడి సంఖ్యతో ఉంటాయి. యాజ్‌దానీ అజంతా భాగాలు తెప్పించుకునేటప్పుడు పాఠం, ఫలకాలు రెండూ అడగాలి. స్కాన్ చేసిన ప్రతుల్లో మడత పటాలు సగమే పడతాయి. వస్తువు ఫోటో ఎడమ కుడి తారుమారై అచ్చయిన సందర్భాలూ ఉంటాయి; అక్షరాలున్న వస్తువైతే వెంటనే పట్టేయొచ్చు, పువ్వులే ఉంటే గ్యాలరీలో గీసుకున్న బొమ్మే దిక్కు. కార్డు మీద ‘ఫలకం 12’, ‘బొమ్మ 12’, ‘జాబితా సంఖ్య 12’ మూడూ వేర్వేరని గుర్తుంచుకుని పూర్తిగా రాయండి. ఒక్క ‘12’ అని రాసుకుంటే మూడు నెలల తర్వాత మళ్లీ అఫ్జల్‌గంజ్ బస్సెక్కాలి.

సంచిలో ఉండాల్సినవి: పెన్సిళ్లు రెండు, ఎందుకంటే రాతప్రతుల దగ్గర పెన్ను రానివ్వరు, 5 అంగుళాలు 3 అంగుళాల కార్డులు వంద, చిన్న స్కేలు, భూతద్దం, పరిచయ లేఖలు, చిల్లర. మొదటి వారం ఇలా వేసుకోవచ్చు: సోమవారం ఇంట్లో ప్రశ్న, మాటల పట్టీ, మంగళ, బుధ గచ్చిబౌలిలో మూడు జాబితాలు, గురువారం పొద్దున అఫ్జల్‌గంజ్, మధ్యాహ్నం వంతెన దాటి బిద్రీ గ్యాలరీ. శుక్రవారం సాలార్‌జంగ్‌కు సెలవు, ఆ రోజు కార్డులన్నీ బల్ల మీద పరిచి గుండ్రటి బుడ్డీలు ఒక వరసలో, గంట ఆకారంవి ఒక వరసలో పెట్టండి. రెండు వరసల్లోనూ ఇమడని కార్డు ఒకటో రెండో మిగులుతుంది. శనివారం మళ్లీ గ్యాలరీకి వెళ్లి చూడాల్సింది ఆ వస్తువునే.